నవల పూర్తయ్యేదాకా ఒంగోల్లోనే ఉండిపోనా?

ప్రశ్న: మాది ఒంగోలు. నాకు 43 ఏళ్లు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. ఒక చిన్న నవల, కొన్ని కథలు అచ్చయ్యాయి. ఇప్పుడు మా వైపు పొగాకు రైతుల మీద పెద్ద నవల రాస్తున్నాను. వేలం కేంద్రాలు రాకముందు మొదలై, వచ్చాక మరో పదేళ్లు నడిచే కథ. 180 పేజీలు అయ్యాయి, ఇంకో అంత ఉంటుంది. మా అమ్మ చిన్నప్పుడు బ్యారన్ల (పొగాకు కాల్చే కొట్టాల) దగ్గర ఆకు అల్లిన మనిషి, సగం కథ ఆవిడ చెప్పిందే. నా భార్య ప్రభుత్వ రంగ బ్యాంకులో ఆఫీసరు. ప్రమోషన్ మీద చెన్నైకి వేశారు, మౌంట్ రోడ్డులో ఆఫీసు. జూన్‌కి అందరం వెళ్లాలి. పాప తొమ్మిదో తరగతికి, బాబు నాలుగుకి వస్తారు. అమ్మ మా దగ్గరే ఉంటుంది. నేను ఉద్యోగం మానేయాల్సిందే. "ఇంకేం, ఇంట్లో కూర్చుని హాయిగా రాసుకో" అంటున్నారంతా. మా ఆవిడదీ అదే మాట. మా బావగారైతే "అదృష్టవంతుడివి" అని నవ్వారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఊరు వదిలితే ఆ మాట, ఆ మనుషులు నాకు అందకుండా పోతారేమో. సెటిలయ్యేదాకా నవల పక్కన పెట్టాలా? లేకపోతే వాళ్లు ముగ్గురూ ముందు వెళ్లి, నేను అమ్మతో ఇక్కడే ఒక ఏడాది ఉండి నవల పూర్తి చేసుకుని వెళ్తే బాగుంటుందా? ఈ మాట ఇంట్లో ఇంకా అనలేదు. రెండు బీరువాల పుస్తకాలున్నాయి, వాటినేం చేయాలో కూడా చెప్పండి.

సమాధానం: ఉండిపోవద్దు.

ఏడాది ఉండిపోనా అన్నదానికి ముందు జవాబు చెబుతున్నాను, ఎందుకంటే ఉత్తరమంతా ఆ ఒక్క ప్రశ్న కోసమే రాసినట్టుంది. ఇక్కడ అచ్చు వేయడానికి కుదించాం గానీ మీరు పంపినవి నాలుగు పేజీలు. మూడు పేజీలు నవల గురించే. మీ ఆవిడ గురించి పైన కనిపిస్తున్న ఆ రెండు మూడు వాక్యాలే. ప్రమోషన్ మీద కొత్త ఊరు వెళ్లినవాళ్లు మొదటి ఏడాది బ్యాంకు నుంచి ఎన్నింటికి ఇల్లు చేరతారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆవిడకి భాష రాని ఊళ్లో ఇద్దరు పిల్లల్ని అప్పజెప్పి, మీరు ఇక్కడ రాసుకుంటూ కూర్చుంటే, ఆ తర్వాత నవలకి ఎన్ని అవార్డులొచ్చినా మీ ఇంట్లో దాని పేరు ఎత్తితే ఎవరూ మాట్లాడరు. ఆ సంగతి మీకు తెలుసు కాబట్టే ఇంట్లో అనలేకపోతున్నారు.

పోనీ నవలకైనా మేలు జరుగుతుందా అంటే అదీ అనుమానమే. ఒక ఏడాది సంసారాన్ని రెండు ముక్కలు చేసి రాసిన నవల బాగుండి తీరాలి. ఆ భయం నెత్తిన పెట్టుకుని రోజూ కాగితం ముందు కూర్చునేవాడు ధైర్యంగా ఒక చెత్త పేజీ కూడా రాయలేడు. చెత్త పేజీలు రాయకుండా 180 పేజీలు వచ్చి ఉండవు కదా. పైగా రాత్రి ఎనిమిదింటికి పాప లెక్కల పుస్తకం ఫొటో తీసి పంపుతుంది, తొమ్మిదింటికి బాబు వీడియో కాల్‌లో ఏడుస్తాడు. మనిషి ఒంగోల్లో, మనసు చెన్నైలో. రెంటికీ చెడతారు.

ఇక "ఇంట్లో కూర్చుని హాయిగా రాసుకో" అనే మాట సంగతి. ఆడవాళ్లు ఈ మాట ఎప్పటినుంచో వింటూనే ఉన్నారు, మగవాళ్లకి ఇప్పుడిప్పుడే వినబడుతోంది. చెన్నైలో పగటిపూట ఇంట్లో ఉండే మనిషి రోజు ఎలా ఉంటుందో చెబుతాను. పొద్దున తొమ్మిదికి క్యాన్ నీళ్ల అబ్బాయి, చిల్లర లేదంటాడు. అది అయ్యేసరికి కింది ఫ్లాట్ వాళ్లు మోటారు ఆపమని కేక. గ్యాసు. కరెంటు రీడింగు. స్కూలు వాట్సాప్ గ్రూపులో రేపటికి ఏదో చార్టు పేపరు తెమ్మంటారు, ఆ గ్రూపులో మీ ఆవిడ నంబరు కాదు, మీ నంబరే ఉంటుంది. పన్నెండుకి పక్కింటి పార్శిల్ మీ చేతిలో పెట్టి వెళ్తారు. మూడో నెల తిరిగేసరికి, "మీరు ఇంట్లోనే ఉంటారు కదా సార్" అంటూ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ పదవి మీకు అంటగట్టడానికి ముగ్గురు పెద్దమనుషులు కాఫీకి వస్తారు. ఆ పదవి మాత్రం ఒప్పుకోకండి. మిగతావి ఎలాగోలా సర్దుకోవచ్చు, నీళ్ల ట్యాంకర్ల లెక్కలు నెత్తినపడితే నవల ఆగినట్టే.

అందుకే టైమ్ దొరుకుతుందని నమ్మి వెళ్లకండి. బయల్దేరేముందే మీ ఇద్దరూ కూర్చుని ఒప్పందం చేసుకోండి. నన్నడిగితే మీకు అన్నిటికన్నా అవసరమైనది ఇదే. పిల్లల్ని బడికి పంపడం, అమ్మ మందులు, ఆస్పత్రి, మధ్యాహ్నం వంట, బజారు, ఇవన్నీ నావి అని మీరు నోటితో చెప్పాలి. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండు వరకు నేను ఎవరికీ దొరకను, ఫోన్ ఎత్తను అని కూడా అదే నోటితో చెప్పాలి. రెండూ ఒకేసారి చెప్పండి. మొదటిది చెప్పకుండా రెండోది అడిగితే గొడవవుతుంది. రెండోది అడక్కుండా మొదటిది ఒప్పుకుంటే ఆర్నెల్లకి మీరు గిన్నెల మీద విసుక్కుంటుంటారు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. ఆదివారం మీరు రాయరు, ఆ పూట ఆవిడ నిద్రపోవాలి. ఇదీ అందులో చేర్చండి.

ఆవిడ "హాయిగా రాసుకో" అనడం మీకు గుచ్చుకున్నట్టుంది. నాకు అందులో వెటకారం కనిపించలేదు. తన ప్రమోషన్ కోసం మీరు ఉద్యోగం వదులుకుంటున్నారు, అందుకు బదులుగా తన దగ్గరున్నదేదో ఇస్తున్నారావిడ. ఇస్తున్నప్పుడు తీసుకోండి, కాకపోతే అది రోజుకి ఎన్ని గంటలో ముందే తేల్చుకుని తీసుకోండి. మీ బావగారి నవ్వు గురించి నేను ఒక్క వాక్యం కూడా వృథా చేయను.

అమ్మగారితో ఒప్పందం వేరే. మీరు రెండు పడగ్గదుల ఇల్లు తీసుకుంటారు, అందులో అయిదుగురు. మీకంటూ గది ఉండదు, బల్ల పట్టే మూల దొరికినా అది అమ్మగారి మంచం పక్కనే. కొడుకు ఎదురుగా కూర్చుని ఉంటే ఏ తల్లీ మాట్లాడకుండా ఉండలేదు, అందులోనూ తెలుగు మాట్లాడేవాళ్లు పగలంతా మీరొక్కరే అయినప్పుడు. అందుకని వారంలో రెండు మూడు రోజులైనా సంచీ తగిలించుకుని బయటికి వెళ్లిపోండి. కొట్టూరుపురంలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయం ఉంది. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేవాళ్లకి అక్కడ వేరే చోటు ఉంది. పోటీ పరీక్షల పిల్లలు పొద్దున్నే వచ్చి కుర్చీలు పట్టేస్తారు, మీరూ వాళ్లతో పాటు పట్టాలి. చుట్టూ అంతమంది తలవంచుకుని చదువుతుంటే మీకు ఫోన్ తీయబుద్ధి కాదు. ఇంకో లాభం కూడా ఉంది. చెప్పులు వేసుకుని గుమ్మం దాటిన మగవాణ్ని ఇంట్లోవాళ్లు పనిమీద వెళ్లాడనుకుంటారు. ఆడవాళ్లకి ఆ సౌకర్యం కూడా తక్కువే, మీకు ఉంది కాబట్టి వాడుకోండి.

సెటిలయ్యేదాకా పక్కన పెట్టాలా అన్నారు. బ్యాంకు ఆఫీసర్లకి మూడు నాలుగేళ్లకోసారి బదిలీ తప్పదు. మీరు సెటిలయ్యేనాటికి భువనేశ్వర్‌కి వేస్తారు. పక్కన పెట్టకండి, అలాగని జూన్, జులైల్లో కొత్త అధ్యాయం ఎత్తుకోకండి. సామాను విప్పుతూ, గ్యాసు కనెక్షన్ కోసం తిరుగుతూ రాసిన అధ్యాయం ఎలాగూ కొట్టేస్తారు. ఆ రెండు నెలలూ రోజుకి అరగంట చొప్పున ఇప్పటికే రాసిన 180 పేజీలు టైప్ చేయండి, చేతిరాతలో ఉంటే. టైప్ అయ్యే ఉంటే పెన్సిల్ పట్టుకుని చదవండి. దిద్దాలనిపిస్తే దిద్దండి, లేకపోతే లేదు. నవల ఒక పాడి గేదె లాంటిది, పాలు తీయకపోయినా రోజూ కట్టుగొయ్య దగ్గరికి వెళ్లి మేత వేసి రావాలి. మూడు నెలలు ముట్టుకోకుండా వదిలేస్తే ఏ పాత్రకి ఏ సంగతి తెలుసో, ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడ్డం లేదో మీరే మర్చిపోతారు. మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుకోవాల్సి వస్తుంది, చదివినప్పుడల్లా మొదటి యాభై పేజీలే దిద్దుతూ ఉంటారు. మొదటి యాభై పేజీలు అద్దంలా మెరుస్తూ, తర్వాత ఏమీ లేని నవలలు చాలా చూశాను.

ఊరు కదిలేముందు చేయాల్సిన పని ఇంకోటి ఉంది. ఒక నోటుపుస్తకంలో ఇకముందు ఏం జరగాలో మీకు తోచినంత, అందంగా కాకుండా గబగబా రాసిపెట్టుకోండి. దాని వెనక పేజీల్లో ప్రతి మనిషి వయసూ సంవత్సరాల వారీగా. పొగాకు బోర్డు గుంటూరులో 1976లో మొదలైంది, ఆంధ్రలో వేలాలు 1985లో వచ్చాయి. మీ కథ ఆ గీతకి రెండువైపులా నడుస్తోంది కాబట్టి, వ్యాపారి ఇంటికొచ్చి ఆకు చూసి తాను చెప్పిందే గ్రేడు అన్న రోజుల్లో పెద్ద కొడుక్కి ఎన్నేళ్లు, వేలంలో బేలు (పొగాకు కట్ట) మీద చీటీ పడిన మొదటి రోజున ఎన్నేళ్లు అన్నది తేలిపోవాలి. ఈ లెక్క పెట్టెలు సర్దే హడావుడిలో కూడా చేయొచ్చు, మూడ్ అక్కర్లేదు.

భాష పోతుందన్న భయం నాకు లేదు. కొడవటిగంటి కుటుంబరావు గారు తెనాలి మనిషి. 1952 నుంచి 1980లో పోయేదాకా మద్రాసులో చందమామ పని చూస్తూనే ఉన్నారు, ఆయన కథల్లో మధ్యతరగతి మనుషులు మాత్రం కృష్ణా, గుంటూరు వైపు మాటే మాట్లాడారు. నూజివీడు నుంచి వచ్చిన మాలతీ చందూర్ గారు మద్రాసులోనే ఉండి నవలలు రాశారు, ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు పాఠకుల ఉత్తరాలకి జవాబులూ ఇచ్చారు. (ఆవిడ జవాబులు నా జవాబులంత పొడుగు ఉండేవి కావు.) నలభై ఏళ్లు ఒంట్లో ఇంకిన మాట 290 కిలోమీటర్లు రైలెక్కితే పోదు. కొంతమందికి దూరం వెళ్లాకే చెవి తెరుచుకుంటుంది.

పోయేవి వేరే ఉన్నాయి. పని ఎలా చేస్తారన్నది పోతుంది. పచ్చాకు కర్రకి అల్లేటప్పుడు ఏ చేతిలో ఏది ఉంటుంది, పురి ఎటు తిప్పుతారు, బ్యారన్ లోపలికి కర్రలు అందించేటప్పుడు పైనున్నవాడు కాలు ఎక్కడ పెడతాడు. ఆకు జిగురు అంటి చేతులు నల్లబడితే కడుక్కున్నా వదలదు, ఆ చేత్తో కలిపిన ముద్ద చేదెక్కుతుంది. ఇలాంటివి అమ్మగారికి తెలుసు, మీకు విన్నట్టు గుర్తుంటుంది. విన్నట్టు గుర్తున్నదాంతో ఒక పేరా గడుస్తుంది, నాలుగు పేజీలు గడవవు. జూన్ లోపల ఆవిడ దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డు చేయండి. ఎదురుగా ఫోన్ పెట్టి "చెప్పమ్మా" అంటే ఏమీ చెప్పరు. గోంగూర వలుస్తున్నప్పుడు పక్కన పెట్టి, ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి. వీలైతే ఆవిడ చేతికి ఒక కర్ర, కాస్త పురికొస, నాలుగు ఆకులు ఇవ్వండి, బాదం ఆకులైనా సరే. చేతులు మొదలుపెడితే నోరు దానంతటదే కదులుతుంది.

వేసవిలో వేలం కేంద్రాలు నడుస్తూనే ఉంటాయి. ఒక పొద్దున వెళ్లి బేళ్ల వరసల మధ్య నిలబడి రండి, ఎవర్నీ ఇంటర్వ్యూ చేయకుండా. బేలు ధర పలకక వెనక్కి తిరిగొచ్చిన రైతు దాన్ని బండిలోకి ఎలా ఎక్కించుకుంటాడో చూస్తే చాలు.

ఏడాది బదులు నేను చెప్పేది ఇదీ. చెన్నై వెళ్లాక, జనవరి ఫిబ్రవరి నెలల్లో మీ వైపు బ్యారన్లు కాలుతున్నప్పుడు, ఒక వారం ఒంటరిగా రండి. మధ్యాహ్నం సెంట్రల్‌లో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చీకటిపడే వేళకి ఒంగోల్లో దిగుతారు. ఆ వారం ఎప్పుడన్నది ఇప్పుడే మీ ఆవిడతో కలిసి క్యాలెండర్‌లో గీత పెట్టండి, ఆవిడ కమిటీ మీటింగులూ పాప పరీక్షలూ చూసుకుని. ఒక ఏడాది అడిగితే లేదంటారేమో గానీ, ముందే చెప్పిన ఒక వారం ఎవరూ కాదనరు. తర్వాతి ఏడూ ఇంకోటి.

చెన్నైలో ఇల్లు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను, రాత కూడా దానిమీదే ఆధారపడుతుంది. మౌంట్ రోడ్డు కిందే మెట్రో వెళ్తుంది కాబట్టి ఆవిడ ఆఫీసుకి రైలు మీద చేరగలిగే చోటు చూడండి. రోజూ గంటన్నర ట్రాఫిక్‌లో నలిగి వచ్చిన మనిషితో ఏ ఒప్పందమూ నిలవదు. పెరంబూరు వైపు తెలుగువాళ్లు బాగా ఉన్నారు, అమ్మగారికి ఆ పక్క అయితే కూరగాయల బండి దగ్గరైనా మాట కలుస్తుంది. వేళచ్చేరి, పళ్లిక్కరణై చుట్టుపక్కల చూస్తే మాత్రం బ్రోకర్ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి: 2015 డిసెంబరులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని. గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. 2023 తుఫానప్పుడు ఎలా ఉందో అదీ చెబుతాడు. కింది అంతస్తు వద్దు. పాప చదువు విషయంలో ఒక జాగ్రత్త: తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యాంశం అయింది. తొమ్మిదిలో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పిల్లకి దాని సంగతేమిటో, రెండో భాషగా ఏముందో ఫీజు కట్టకముందే స్కూల్లో తేల్చుకోండి. ఇది తేలకపోతే ఆగస్టులో మీ పొద్దుటి రెండున్నర గంటలూ తమిళం ట్యూషన్ వెతకడానికే పోతాయి.

మైలాపూరులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం లాంటి చోట్ల తెలుగు సభలు జరుగుతుంటాయి. వెళ్లండి, నలుగురు పరిచయమవుతారు. కానీ నవల రాస్తున్నానని పరిచయం చేసుకోకండి. వచ్చే నెల నుంచి ప్రసంగాలకి పిలుస్తారు, ఒక్కో ప్రసంగానికి నాలుగు పొద్దులు ఖర్చవుతాయి.

పుస్తకాల మాట. రెండు బీరువాలూ తేకండి, అద్దె ఇంట్లో వాటికి చోటు లేదు, మళ్లీ బదిలీ అయితే మోయడమూ కష్టమే. నవలకి పనికొచ్చేవీ, చదవకపోతే నిద్రపట్టనివీ కలిపి ఒక అట్టపెట్టెకి సరిపడా తెచ్చుకోండి. మిగతావి నమ్మకమైన స్నేహితుడి ఇంట్లో పెట్టండి, జాబితా రాసుకుని. ఎగ్మోర్‌లో కన్నెమరా గ్రంథాలయం 1896 నుంచీ ఉంది. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతి పంపాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి కాబట్టి తెలుగు పుస్తకాలకీ కొదవ ఉండదు. రాతప్రతి, అమ్మగారి రికార్డింగులు, వయసుల లెక్క రాసుకున్న ఆ నోటుపుస్తకం మాత్రం ప్యాకర్స్ లారీలో వేయకండి. ప్రతి పేజీ ఫొటో తీసి మీ ఆవిడ ఫోన్‌లోకి కూడా పంపి, అసలు కాగితాలు రైల్లో మీ ఒళ్లో పెట్టుకుని తీసుకురండి.